నాకు ఓటు లేని ఆల్ ప్రో జట్టు

అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఏటా యాభై మంది క్రీడా పాత్రికేయుల, వ్యాఖ్యాతల ఓట్లతో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్కో స్థానంలో అందరికంటే బాగా ఆడినవాళ్ళతో ఆల్ ప్రో జట్టును ప్రకటిస్తుంది. ఆ యాభై మందిలో నేను లేను, ఉండే అవకాశమూ లేదు. అయినా ఫిలడెల్ఫియా శివార్లలో ఆదివారాలు కలిసి మ్యాచ్‌లు చూసే మా తెలుగు మిత్రులం కొందరం అదే పద్ధతిలో ఎవరి జాబితా వాళ్ళం తయారుచేసుకుని, ప్లేఆఫ్స్ మొదలుకాకముందే ఒకరికొకరం పంపుకుంటాం. అంతకుముందు గుర్తున్న పేర్లు రాసి పంపేసేవాణ్ణి. 2024 సీజన్‌కు మాత్రం ప్రతి స్థానానికీ, ఎవరు నిలదీసినా కారణం చెప్పగలిగేలా జట్టును కట్టాలనుకున్నాను. ఆ ప్రయత్నం అనుకున్నదానికంటే చాలా కష్టమైంది.

మొదలుపెట్టేముందే మూడు నియమాలు పెట్టుకున్నాను. పదిహేడు మ్యాచ్‌ల రెగ్యులర్ సీజన్ మాత్రమే లెక్కలోకి వస్తుంది, ఆ తర్వాత ఎవరు కప్పు గెలిచినా సంబంధం లేదు. ఆటగాడు సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లు ఏ స్థానంలో ఆడాడో ఆ స్థానానికే పరిశీలించాలి. మూడోది నాకు నేను వేసుకున్న కళ్ళెం: నేను మా ఊరి జట్టు ఫిలడెల్ఫియా ఈగల్స్ అభిమానిని కాబట్టి, ఇద్దరు సమానంగా తూగినప్పుడు ఈగల్స్ ఆటగాడిని కాక రెండోవాడినే తీసుకోవాలి. నా అభిమానం తూకంలో తనకు తానుగా ఎంతో కొంత బరువు వేస్తుందని తెలుసు గనుక ఈ జాగ్రత్త అవసరమనిపించింది.

బంతి పట్టుకుని పరుగు తీసే స్థానంతో ప్రారంభించడం వల్ల పని తేలికనే భ్రమ కలిగింది. న్యూయార్క్ జెయింట్స్ వదులుకుంటే ఈగల్స్‌కు వచ్చిన సేక్వాన్ బార్క్‌లీ 2,005 యార్డులు పరుగెత్తి, లీగ్ చరిత్రలో రెండు వేలు దాటిన తొమ్మిదో ఆటగాడయ్యాడు. 1984లో ఎరిక్ డికర్సన్ నెలకొల్పిన 2,105 యార్డుల రికార్డును దాటడానికి అతనికి ఇంకా నూటొక్క యార్డులు కావలసి ఉండగా, జట్టు స్థానం అప్పటికే ఖాయమైపోయిందని చివరి మ్యాచ్‌లో విశ్రాంతినిచ్చారు. బాల్టిమోర్‌లో డెరిక్ హెన్రీ 1,921 యార్డులు, పదహారు టచ్‌డౌన్లతో (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడం) మరే సంవత్సరమైనా నిస్సందేహంగా మొదటి పేరయ్యేవాడు. నా మూడో నియమం ఇక్కడ అడ్డురాలేదు, ఎందుకంటే ఇద్దరూ సమానం కారు. నవంబర్‌లో జాక్సన్‌విల్ మీద ఆడినప్పుడు, బార్క్‌లీ ఒక డిఫెండర్‌ను తప్పించుకుని గిర్రున తిరిగి, వెనుక ఎవరున్నారో చూడకుండానే, వీపు అటు పెట్టి వంగివస్తున్న ఇంకొకరి మీదుగా ఎగిరి దూకాడు. ఆ దృశ్యాన్ని ఎంత నెమ్మదిగా తిప్పి చూసినా, గాలిలోకి లేచే ముందు అతని రెండు పాదాలు నేల మీద సరిగ్గా ఆనుకున్న ఆ క్షణం నాకు అంతుపట్టలేదు.

విసిరిన బంతిని పట్టే రిసీవర్లలో జమార్ చేస్ గురించి వాదనే లేదు. 127 క్యాచ్‌లు, 1,708 యార్డులు, పదిహేడు టచ్‌డౌన్లు: మూడింటిలోనూ లీగ్‌లో అతనే మొదటివాడు. బాల్టిమోర్‌లో ఒక్క రాత్రి 264 యార్డులు, మూడు టచ్‌డౌన్లు సాధించినా అతని జట్టు సిన్సినాటి 35–34తో ఓడిపోయింది. ఆ జట్టు సీజన్ మొత్తానికి ఆ ఒక్క మ్యాచే నమూనా. అతని పక్కన జస్టిన్ జెఫర్సన్, అమన్ రా సెయింట్ బ్రౌన్. టైట్ ఎండ్‌గా (ప్రత్యర్థులను అడ్డుకోవడమూ, బంతి పట్టడమూ రెండూ చేసేవాడు) బ్రాక్ బవర్స్‌ను రాయడానికి కూడా ఎక్కువసేపు పట్టలేదు. తొలి ఏడాదే 112 క్యాచ్‌లు పట్టి ఏ స్థానంలోనైనా కొత్త ఆటగాళ్ళందరి రికార్డును దాటేశాడు. 1961 నుంచి మైక్ డిట్కా పేరిట ఉన్న తొలి ఏడాది టైట్ ఎండ్ యార్డుల రికార్డునూ చెరిపేశాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లు మారుతూ పోయి, నాలుగు మ్యాచ్‌లే గెలిచిన రెయిడర్స్ జట్టులో ఉండి ఇదంతా చేశాడు.

తలనొప్పి క్వార్టర్‌బ్యాక్ దగ్గర మొదలైంది. సిన్సినాటిలో ఉండే మా బావమరిది ఫోన్ చేసి, "బావా, 4,918 యార్డులు, నలభై మూడు టచ్‌డౌన్లు విసిరినవాణ్ణి పక్కన పెడతారా?" అని జో బరో తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. రెండు అంకెల్లోనూ లీగ్‌లో బరోదే మొదటి స్థానమన్న మాట నిజమే. వాళ్ళ జట్టు బెంగాల్స్ తొమ్మిది గెలిచి ఎనిమిది ఓడి ప్లేఆఫ్స్‌కు చేరలేదని తోసిపుచ్చడం నాకు సులువైన మార్గమే గాని, రెయిడర్స్ ఓటములను బవర్స్ ఖాతాలో వేయనివాణ్ణి బెంగాల్స్ ఓటములను బరో ఖాతాలో ఎలా వేస్తాను? అందుకని జట్టు గెలుపోటములను తీసేసి, ఆటనే పక్కపక్కన పెట్టి చూశాను. బాల్టిమోర్ ఆటగాడు లమార్ జాక్సన్ 4,172 యార్డులు, నలభై ఒక్క టచ్‌డౌన్లు విసిరాడు, అతను విసిరిన బంతి ప్రత్యర్థుల చేతికి నాలుగంటే నాలుగుసార్లే చిక్కింది. బరో విసిరింది తొమ్మిదిసార్లు చిక్కింది. దాని మీద జాక్సన్ కాళ్ళతో తెచ్చిన 915 యార్డులు వేరు. ఒకే సీజన్‌లో నాలుగు వేల యార్డులు విసిరి, తొమ్మిది వందల యార్డులు పరుగెత్తినవాడు అతనికి ముందు లేడు.

బరో తప్పుకున్నాక జాష్ ఆలెన్ మిగిలాడు. విసిరినవి 28, పరుగెత్తినవి 12, వెరసి నలభై టచ్‌డౌన్లు. ప్రధాన రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ను సీజన్‌కు ముందే హ్యూస్టన్‌కు పంపేసిన బఫెలో జట్టును పదమూడు విజయాలకు తీసుకెళ్ళాడు. లాస్ ఏంజెలిస్ ర్యామ్స్ మీద ఒకే మ్యాచ్‌లో మూడు టచ్‌డౌన్లు విసిరి, మూడు పరుగెత్తి, చివరికి 44–42తో ఓడిపోయాడు. అతను లేకపోతే ఆ జట్టు ఏమయ్యేదో ఊహించుకుంటే భయమేస్తుంది. అయితే "ఎవరు లేకపోతే జట్టు ఎక్కువ నష్టపోతుంది" అన్నది ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) బిరుదుకు అడగాల్సిన ప్రశ్న. ఆల్ ప్రో జట్టుకు అడగాల్సింది "ఆ స్థానంలో అందరికంటే బాగా ఆడింది ఎవరు" అని మాత్రమే. ఈ రెండు ప్రశ్నలను విడదీశాక జాక్సన్ పేరు రాయడానికి నా చెయ్యి ఆగలేదు. బావమరిది మాత్రం కొన్నాళ్ళు ముభావంగానే మాట్లాడాడు.

అక్కడి నుంచి అఫెన్సివ్ లైన్‌కు (బంతి ఉన్న జట్టు ముందు వరుసలో ప్రత్యర్థులను అడ్డుకునే ఐదుగురు) వచ్చేసరికి ఆసరాగా పట్టుకోవడానికి అంకెలు దాదాపు లేకుండాపోయాయి. లైన్‌మన్ చేతికి బంతి రాదు, అతను పాయింట్లు చేయడు. ఎన్ని శాక్‌లకు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) కారణమయ్యాడనేది లీగ్ అధికారిక లెక్కల్లో ఉండదు, విడిగా లెక్కలు కట్టే సంస్థలు తలా ఒక సంఖ్య చెబుతాయి. బైలు ఇవ్వని వికెట్ కీపర్ స్కోర్‌బోర్డులో కనిపించనట్టే, తన పని చక్కగా చేసిన లైన్‌మన్ టీవీలో కనిపించడు. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది గనుక, మైదానంలోని ఇరవై రెండు మందీ ఒకేసారి కనిపించే ఆల్ 22 చిత్రీకరణను లీగ్ చందా సేవలో తీసుకుని, పిల్లలు పడుకున్నాక రాత్రిళ్ళు చూడడం మొదలుపెట్టాను. నిజానికి నా సమయంలో సగం పైగా ఈ ఐదు పేర్లే తినేశాయి.

చూడగా చూడగా నా కన్ను బంతిని వదిలేసి, బంతి కదిలిన మరుక్షణం లైన్‌మన్ వేసే మొదటి రెండు అడుగుల మీద నిలవడం నేర్చుకుంది. డెన్వర్ కుడి గార్డ్ (లైన్ మధ్యవాడి పక్కన నిలబడేవాడు) క్విన్ మైనర్జ్ దగ్గర నాకు ఇది బాగా తెలిసివచ్చింది. మొదటి అడుగు పొట్టిగా పక్కకు పడుతుంది, రెండోది ఎదుటివాడి కాళ్ళ మధ్యకు వెళుతుంది, అప్పటికే రెండు చేతులూ అతని ఛాతీ కవచం కింది అంచు దగ్గర, మోచేతులు లోపలికి ముడుచుకుని ఉంటాయి. తల కంటే ముందు నడుము పైకి లేస్తుంది. దాంతో మూడు వందల పౌండ్ల మనిషి మడమల మీదికి ఒరిగి, వెనక్కి వెనక్కి పోతాడు. విజిల్ మోగేదాకా మైనర్జ్ వదలడు. విస్కాన్సిన్ వైట్‌వాటర్ అనే మూడో అంచె కాలేజీ నుంచి వచ్చినవాడు ఇంత పని చేస్తున్నాడంటే, కొత్త క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్‌తో డెన్వర్ ప్లేఆఫ్స్‌కు చేరడంలో ఆశ్చర్యపడాల్సింది లేదనిపించింది.

కుడి టాకిల్‌గా (లైన్ చివర నిలబడేవాడు) డెట్రాయిట్‌కు చెందిన పెనే సూవెల్, మా లేన్ జాన్సన్ ఇద్దరినీ అదే విధంగా చూశాను. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే పనిలో వాళ్ళను విడదీయడం నా వల్ల కాలేదు. పరుగు ఆటలో, అంత భారీ మనిషి లైన్ వదిలి బయటికి పరుగెత్తి, తనకంటే నూట ముప్పై పౌండ్లు తక్కువున్న, రిసీవర్లకు కాపలా కాసే కార్నర్‌బ్యాక్‌ను వెతికి పట్టుకోవడంలో సూవెల్‌ది పైచేయి. ఎడమ టాకిల్ దగ్గర మనసు కాసేపు మొరాయించింది. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడి, కాలేజీ ఫుట్‌బాల్ ముఖమే ఎరుగకుండా 2018లో ఏడో రౌండ్‌లో ఈగల్స్‌కు వచ్చిన జోర్డన్ మైలాటా కథంటే నాకు చెప్పలేని ఇష్టం. కాని అతను గాయంతో నాలుగు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. టాంపా బేలో ట్రిస్టన్ వర్ఫ్స్ ఆట అంతే ఎత్తులో ఉంటూ అతనికంటే ఎక్కువ మ్యాచ్‌లలో నిలబడింది. 2021లో కుడి వైపు ఆల్ ప్రో అయిన మనిషి ఎడమ వైపుకు మారి ఇలా ఆడడం మామూలు విషయం కాదు. కాన్సాస్ సిటీ ఎడమ గార్డ్ జో థూనీ చివరి వారాల్లో జట్టు అవసరం కొద్దీ ఎడమ టాకిల్‌గా ఆడాడు. నా రెండో నియమం ప్రకారం అతను గార్డే. మధ్యలో అదే జట్టు క్రీడ్ హంఫ్రీ.

డిఫెన్స్‌లో అంచు నుంచి దూసుకొచ్చేవాళ్ళకు రెండు స్థానాలు, ముగ్గురు మనుషులు. పదిహేడున్నర శాక్‌లతో లీగ్‌లో మొదటివాడైన ట్రే హెండ్రిక్సన్‌ను కాదనలేను (బావమరిది కొంత శాంతించాడు). క్లీవ్‌లాండ్ మూడే మ్యాచ్‌లు గెలిచినా మైల్స్ గారెట్ పద్నాలుగు శాక్‌లు చేశాడు, అదీ ప్రతి ఆటలోనూ ఇద్దరేసి అడ్డుకుంటుండగా. టీజే వాట్‌ను రెండో జట్టుకు దింపడం బాధగానే ఉంది. లోపలి వైపు క్రిస్ జోన్స్, క్యామెరాన్ హేవర్డ్ పేర్లు త్వరగానే తేలాయి.

కార్నర్‌బ్యాక్ వద్ద అంకెలు తలకిందులుగా చదవాలి. డెన్వర్‌లో ప్యాట్రిక్ సర్టేన్ ఉన్న వైపు బంతి విసరడానికే క్వార్టర్‌బ్యాక్‌లు వెనకాడతారు గనుక, అతను బాగా ఆడేకొద్దీ అతని పేరు లెక్కల పట్టికలో తక్కువసార్లు కనిపిస్తుంది. రెయిడర్స్ డెన్వర్ గోల్ గీత ముందుదాకా వచ్చి, తెగించి అతని వైపే విసిరినందుకు, బంతిని లాక్కుని నూరు యార్డులూ పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. రెండో కార్నర్‌గా హ్యూస్టన్ ఆటగాడు డెరెక్ స్టింగ్లీని తీసుకున్నాను. అందరికంటే వెనుక కాపలా కాసే సేఫ్టీలుగా తొమ్మిది ఇంటర్‌సెప్షన్లతో (ప్రత్యర్థి విసిరిన బంతిని పట్టేయడం) డెట్రాయిట్ కెర్బీ జోసెఫ్, ఎనిమిదింటితో గ్రీన్ బే జేవియర్ మెకినీ.

కిక్కర్ స్థానానికి ఇంతసేపు ఆలోచిస్తానని అనుకోలేదు. డాలస్‌లో బ్రాండన్ ఆబ్రీ 65 యార్డుల నుంచి కూడా కొట్టాడు. కాని పిట్స్‌బర్గ్ అట్లాంటాను 18–10తో, బాల్టిమోర్‌ను 18–16తో ఓడించిన రెండు మ్యాచ్‌లలోనూ ఆ పద్దెనిమిది పాయింట్లూ క్రిస్ బాస్‌వెల్ మూడేసి పాయింట్ల ఆరేసి ఫీల్డ్ గోల్స్ (బంతిని కాలితో గోల్ స్తంభాల మధ్యకు కొట్టడం) నుంచి వచ్చినవే. రెండు విజయాలను పూర్తిగా కాలితోనే తెచ్చినవాణ్ణి దాటి నేను వెళ్ళలేకపోయాను.

డిఫెన్స్ మధ్య వరుసలో ఆడే లైన్‌బ్యాకర్లు చివరికి మిగిలారు. ఫ్రెడ్ వార్నర్ సరే. న్యూ ఆర్లీన్స్‌లో ఎక్కువగా స్పెషల్ టీమ్స్‌లో (కిక్కుల సమయంలో దిగే బృందాలు) ఆడుకుంటూ ఉండి, ఒక్క ఏడాది ఒప్పందం మీద ఈగల్స్‌కు వచ్చిన జాక్ బాన్‌ను డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియో అంచు నుంచి మధ్యకు మార్చగా, అతను 151 టాకిల్స్ (బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడం) చేశాడు. ఎన్నిసార్లు తూచినా అతను రెండోవాడితో సమానంగా కాక పైనే తూగాడు కాబట్టి నా నియమం భంగపడలేదు. మూడో పేరుగా వాషింగ్టన్ ఆటగాడు బాబీ వాగ్నర్‌ను రాశాను. ముప్పై నాలుగేళ్ళ వయసులో, కొత్త జట్టులో, బంతి కదలకముందే ఎదుటివాళ్ళ ఎత్తుగడను పసిగట్టి తనవాళ్ళను అటూ ఇటూ సర్దే అతని తీరు ఆల్ 22లో చూస్తే, వేగం తగ్గినా ఆలస్యం ఎక్కడా కాలేదని తెలుస్తుంది.

జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ జట్టు వెలువడినప్పుడు యాభైలో ముప్పై ఓట్లతో జాక్సన్ మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా వచ్చాడు. ఫిబ్రవరిలో అదే యాభై మంది ఎంవీపీ బిరుదును 27–23 మొదటి ఓట్లతో ఆలెన్‌కు ఇచ్చినట్టు తేలింది. ఇదెక్కడి న్యాయమని మా బృందంలో చాలామంది విరుచుకుపడ్డారు గాని, రెండు ప్రశ్నలు వేరని నాకు అప్పటికే తోచింది కనుక నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. వాళ్ళ జట్టులో వాగ్నర్ స్థానంలో బాల్టిమోర్ ఆటగాడు రోక్వాన్ స్మిత్ ఉన్నాడు. సీజన్ మొదట్లో బాల్టిమోర్ డిఫెన్స్ మీద ప్రత్యర్థులు మధ్య నుంచి ఎంత సులువుగా పాస్‌లు విసిరారో చూసినవాణ్ణి కాబట్టి, ఆ ఒక్క పేరు దగ్గర నా జాబితాను మార్చుకోదలచుకోలేదు.