సముద్రానికి దిగువన మా మనవరాలు

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయిపోయి కాలువలు కట్టేశాక బయలుదేరదాం అన్నారు మావారు. అమ్మాయేమో తులిప్ పూలు వాడిపోకముందే రండి అంది. ఏప్రిల్‌లో అయితే రెండూ కుదిరాయి. మాది కోనసీమలో ముమ్మిడివరం వైపు. అమ్మాయీ అల్లుడూ ఉండేది నెదర్లాండ్స్‌లో, రోటర్‌డామ్‌లో. మనవరాలికి మూడో ఏడు నడుస్తోంది, పుట్టినప్పటి నుంచీ ఫోన్‌లో చూసుకోవడమే తప్ప ఒళ్లోకి తీసుకున్నది లేదు.

వీసా పని అంతా అమ్మాయే దగ్గరుండి చూసుకుంది. వెళ్లేవాళ్లకి పనికొస్తుందని చెబుతున్నాను, మనల్ని పిలిచేవాళ్లు ఇచ్చే స్పాన్సర్ కాగితం మీద సంతకాన్ని అక్కడి మున్సిపాలిటీలో ధ్రువీకరించాలి, 30,000 యూరోలకి తగ్గకుండా ప్రయాణ బీమా ఉండాలి, వేలిముద్రలకి మేం హైదరాబాద్ వెళ్లొచ్చాం. ఎంత చేసినా 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండనివ్వరు. అమెరికా వెళ్లినవాళ్లలాగా ఆరేసి నెలలు ఉండిపోవడం అక్కడ కుదరదు.

సామాను దగ్గరే నాకు ఎక్కువ టెన్షన్. పాలతో చేసినవి, నెయ్యి, మాంసం యూరప్‌లోకి తీసుకురానివ్వరు, అంటే సున్నుండలూ కోడి పచ్చడీ రెండూ పోయాయి. పళ్లకి సర్టిఫికెట్ కావాలి కాబట్టి మామిడి పళ్లూ లేవు. ఆ సర్టిఫికెట్ అక్కర్లేనివి అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్ అని అల్లుడు ఫోన్‌లో చదివి వినిపిస్తే కోనసీమ వాళ్ల కోసమే రాసిన రూలులా ఉందే అని సంబరపడ్డాను. కానీ ఎండుకొబ్బరి అసలు విమానంలోనే పెట్టనివ్వరు, మంట తొందరగా అంటుకుంటుందని. చివరికి ఆత్రేయపురం నుంచి వట్టి రేకులు తెప్పించాను, నెయ్యీ బెల్లం ఏమీ వేయనివి. బియ్యప్పిండి పాలల్లో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద పరిచి లాగే రేకులు అవి, 2023లో పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే ముద్ర, కూడా వచ్చింది. నలగకుండా అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ చీరలు సర్ది, ఆ పెట్టెని దారి పొడుగునా నా చేతిసంచీలోనే ఉంచుకున్నాను.

రావులపాలెం మీదుగా రాత్రి బస్సులో హైదరాబాద్, అక్కడి నుంచి విమానం, దోహాలో మారాలి. శంషాబాద్‌లో కూర్చుని ఉంటే పక్క కుర్చీలో ఒకమ్మాయి, మాట వినగానే మన వైపు మనిషని తెలిసింది. రాజోలు దగ్గర పల్లె, కువైట్‌లో ఇంటిపనికి వెళ్తోంది. రెండేళ్ల కొడుకుని వాళ్లమ్మ దగ్గర వదిలి వచ్చిందట. "మీరు ఎక్కడికండీ?" అని అడిగితే మనవరాలిని చూడ్డానికని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. ఆ పిల్ల చాలా సంతోషించి, పాపాయి ఫోటో చూపించమని అడిగి మరీ చూసింది. కొడుకు ఫోటో తనూ చూపించింది. మా కోనసీమ నుంచి ఎంతమంది తల్లులు ఇలా గల్ఫ్ వెళ్తున్నారో మాకు తెలియనిది కాదు, కానీ పక్కన కూర్చుని వింటే వేరు. మళ్లీ కనపడుతుందేమోనని దోహాలో దిగాక కూడా చూశాను.

ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాక, కారులో అల్లుడు ఒక మాట చెప్పాడు. ఆ విమానాశ్రయం ఉన్న చోటు ఒకప్పుడు పెద్ద చెరువట, సముద్రమట్టానికి మూడు నాలుగు మీటర్లు దిగువన ఉందట, ఆవిరి యంత్రాలతో నీళ్లన్నీ తోడి 1852లో నేల చేశారట. మావారు ఒక్కసారిగా ముందుకి వంగి "1852నా? మన ధవళేశ్వరం ఆనకట్ట కూడా అప్పుడేనయ్యా పూర్తయింది!" అన్నారు. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852కి ముగించారు. ఇక్కడ నీళ్లు తెచ్చి పొలాలు చేశారు, అక్కడ నీళ్లు తీసేసి పొలాలు చేశారు, అదీ ఒకే ఏడు. ఆ ముక్క మావారిని ఎంత పట్టుకుందంటే, ఉన్నన్నాళ్లూ ఆయనకి తులిప్ తోటలకంటే తూములు, లాకులు, గట్లే ఎక్కువ నచ్చాయి.

పాప మొదట్లో నా దగ్గరికి రాలేదు. ఫోన్‌లో ముద్దులు పెట్టే పిల్ల, ఎదురుగా నిలబడేసరికి వాళ్లమ్మ కాళ్ల వెనక దాక్కుంది. నేను తొందరపెట్టలేదు. అక్కడ సురినామ్ నుంచి, అంటే దక్షిణ అమెరికాలో ఒకప్పుడు డచ్చివాళ్లు ఏలిన దేశం నుంచి, వచ్చిన భారతీయుల కొట్లు ఉన్నాయి, 1873 నుంచి మన దేశంలో కూలీలుగా ఓడలెక్కి వెళ్లినవాళ్ల సంతతి, బెండకాయలు, సొరకాయలు, నెయ్యి అన్నీ వాళ్ల దగ్గర దొరుకుతాయి. నెయ్యి తెచ్చి, బెల్లం తురిమి, వంటింట్లో రేకుల పెట్టె విప్పాను. రేకు మీద తడిగుడ్డ వేస్తుంటే ఆ గరగర చప్పుడుకి పాప వచ్చింది. స్టూలు లాక్కుని ఎక్కింది. ఒక రేకు చేతికిస్తే చింపింది, నవ్వింది, ఇంకోటి అడిగింది. పెట్టెలో సగం రేకులు అలాగే చిరిగిపోయాయి, నాకేం బాధ లేదు, ఆ పూట నుంచి అమ్మమ్మ ఎక్కడుంటే తనూ అక్కడే.

తిండి దగ్గర మాత్రం నాకూ అమ్మాయికీ కొంచెం మాట పట్టింపులు వచ్చాయి. అక్కడి పిల్లలు మధ్యాహ్నం చల్లటి రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకుని తింటారు, క్రెష్‌లోనూ రొట్టే. సాయంత్రం ఏడింటికల్లా పడుకోబెట్టేయాలి. జూన్‌లో అక్కడ రాత్రి పదింటి దాకా పొద్దు ఉంటుంది, నల్ల కర్టెన్లు వేసి పిల్లని నిద్రపుచ్చుతారు. చందమామని చూపించి ముద్దపప్పన్నం పెడదామంటే ఆ వేళకి మొహం మీద ఎండ! వేళ విషయంలో నేను తగ్గాను, ముద్ద విషయంలో అమ్మాయి తగ్గింది.

నాకు అసలు భయం ఇంటి వెనక ఉంది. పెరటి గడ్డి దాటితే కాలువ, నిండా నీళ్లు, కంచె లేదు, పిట్టగోడ లేదు. వీధంతా అలాగే, ఊరంతా అలాగే. వాళ్లుండే పేట సముద్రానికి ఆరు మీటర్ల దాకా దిగువనట. మా ఊళ్లో కాలువలో పడి పోయిన పిల్లలు నాకు తెలుసు, వాళ్ల అమ్మలూ తెలుసు, అందుకే పాప పెరట్లోకి వెళ్తే చెయ్యి వదిలేదాన్ని కాదు. అమ్మాయి నన్ను ఒకరోజు ఈతకొలనుకి తీసుకెళ్లింది. నాలుగైదేళ్లు వస్తే అక్కడ దాదాపు ప్రతి పిల్లా ఈత నేర్చుకుంటుందట, ఎ, బి, సి అని మూడు పరీక్షలు ఉంటాయి. మేం చూసింది మొదటి పరీక్ష. పిల్లలు బట్టలతో, చెప్పులతో నీళ్లలోకి దిగారు. కాలువలో పడేవాళ్లు ఈత బట్టలేసుకుని పడరు కదా! నీళ్లలోపల వేలాడదీసిన గుడ్డకి కన్నం ఉంది, మునిగి అందులోంచి దూరి రావాలి. ఒడ్డున తాతలూ బామ్మలూ పూలు పట్టుకుని కూర్చున్నారు, పరీక్ష అయ్యాక ఇవ్వడానికి. మావారు చిన్నప్పుడు నడుముకి రెండు ఎండు కొబ్బరికాయలు కట్టుకుని మా కౌశిక కాలువలో ఈత నేర్చుకున్నారు, మా ఆడపిల్లల్ని మాత్రం ఎవరూ దింపలేదు. నాకు ఈత రాదు, అమ్మాయికి నేను నేర్పించలేదు, ముప్ఫై ఏళ్లకి అది ఆ దేశంలో నేర్చుకుంటోంది.

ఔవర్‌కెర్క్ అనే ఊళ్లో వరదల మ్యూజియం ఉంది, అక్కడికి మావారు పట్టుబట్టి తీసుకెళ్లమన్నారు. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున తుఫాను గాలికి సముద్రం గట్లు తెంచుకుని వచ్చింది. 1,836 మంది పోయారు. గండి పూడ్చడానికి దింపిన పెద్ద పెద్ద కాంక్రీట్ పెట్టెల్లోనే ఆ మ్యూజియం. అదే 1953 ఆగస్టులో మన గోదావరికి వచ్చిన వరద గురించి మా అత్తగారు చెప్పేవారు, లంకల్లోంచి జనం పడవల మీద ఎలా వచ్చారో, పశువులు ఎలా కొట్టుకుపోయాయో. పోయినవాళ్ల లెక్కని ఆ మ్యూజియంలో 1,835, మళ్లీ ఒకటి అని విడిగా చెబుతారు. ఆ ఒకటీ ఆ రాత్రే పుట్టి, ఊరి లెక్కల్లోకి ఎక్కకముందే పోయిన పసిబిడ్డ.

అది విన్నాక నేను అక్కడ నిలబడలేకపోయాను. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమని తుఫాను కొట్టినప్పుడు మా అమ్మాయి చంటిపిల్ల. పెంకులు ఒక్కొక్కటీ కాదు, వరసలు వరసలు లేచిపోయాయి. పిల్లని దుప్పట్లో చుట్టుకుని, పక్క వీధి డాబా ఇంట్లో మెట్ల కింద కూర్చున్నాను, నా చుట్టూ ఇంకో పాతికమంది. తెల్లారి చూస్తే కొబ్బరితోట నేల మీద పడుకుని ఉంది. మా మండలాల్లో వెయ్యి మందికి పైగా పోయారు. ఆ పిల్లే ఇప్పుడు తన బిడ్డని ఎత్తుకుని, "ఏడవకమ్మా, గట్టు చూపిస్తా రా" అంటూ నన్ను బయటికి నడిపించింది.

గట్టు ఎక్కాం. పైన గొర్రెలు మేస్తున్నాయి, ఒక్క గండి లేదు, ఒక్క కబ్జా లేదు. దేశమంతా 21 నీటి బోర్డులు ఉన్నాయని, కొన్నిటి మూలాలు 13వ శతాబ్దం నాటివని, ప్రతి ఇల్లూ వాటికి పన్ను కడుతుందని, నాలుగేళ్లకోసారి వాటికి ప్రత్యేకంగా ఓట్లు ఉంటాయని అల్లుడు చెప్పాడు. మావారు అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయారు. మనకీ 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. అయినా మా డ్రెయిన్లలో గుర్రపుడెక్క పోదు, సార్వాలో, అంటే తొలకరి పంట రోజుల్లో, నాలుగు రోజులు వాన కురిస్తే నీళ్లు దిగక చేలు కుళ్లిపోతాయి, 2011లో కోనసీమ రైతులు పంట వేయం అని విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో ఇదీ ఒకటి. "వీళ్లు సముద్రాన్నే తోడి పోస్తున్నారు, మనం ఎత్తున ఉండి మురుగు దింపుకోలేకపోతున్నాం" అన్నారాయన. కోపంగా అన్నారు, ఇంటికొచ్చాకా ఆ కోపం పోలేదు, పోకూడదనే నేనూ అనుకుంటున్నాను. వచ్చిన వారంలోనే మా డ్రెయిన్ ఫోటోలు తీసి నీటి సంఘం ప్రెసిడెంటు ఇంటికి వెళ్లొచ్చారు.

కాలువలకి నీళ్లు వదిలే వేళకి వచ్చేశాం. పాప విమానాశ్రయంలో ఏడవలేదు, నేనే ఏడ్చాను.

సంక్రాంతికి వాళ్లు ముగ్గురూ వస్తున్నారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్లాలి, ప్రభలని భుజాల మీద మోస్తూ కౌశిక దాటించడం పాపకి చూపించాలి. ఈలోగా మా రేవు మెట్లు బాగుచేయించడానికి మేస్త్రి వచ్చి కొలతలు తీసుకెళ్లాడు. మావారు రెండు కొబ్బరికాయలు ఏరి చూరు కింద ఎండబెట్టారు. జనవరి నీళ్లు పిల్లకి చల్లనవుతాయి, వేసవిలో చూద్దురుగాని అని నేనంటున్నాను, ఆయన వినడం లేదు.