రాయి తరుగు

మా నాన్న ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవారు. మూసలో పెట్టిన బంగారానికీ, కరిగించి తీసిన బంగారానికీ మధ్య గురిగింజ ఎత్తు తేడా వచ్చినా ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టేది కాదు. అంగడి ఊడ్చిన దుమ్మును కూడా డబ్బాలో దాచి, జలగడుగు వాళ్ళు వచ్చినప్పుడు కడిగించేవారు. "తరుగు లేకుండా పని జరగదమ్మా. కానీ అది ఎక్కడికి పోయిందో పని చేసినవాడికి తెలియాలి" అనేవారు.

నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తిచేసి 1992లో ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. మొదటి రోజే మా సీనియరు నా చేతిలో పెట్టింది మూసే. నాన్నది మట్టి మూస, ఇది ప్లాటినం మూస. కిల్న్‌లోకి, అంటే రాయిని కాల్చే పెద్ద కొలిమిలోకి, వెళ్ళబోయే రాతిపొడిని, ఫ్యాక్టరీలో రా మీల్ అంటారు, సరిగ్గా ఒక గ్రాము తూచి అందులో వేసి 950 డిగ్రీల కొలిమిలో పెట్టాలి. తీసి, చల్లారాక మళ్ళీ తూచాలి. 0.65 గ్రాములు ఉండేది. తగ్గిన బరువు 35 శాతం. రిజిస్టరులో దానికంటూ ఒక గడి ఉండేది. 35.1, 35.4, 34.9. ఇలా 29 ఏళ్ళు రాశాను. ఆ అంకె నిలకడగా ఉంటే కిల్న్ నిలకడగా నడుస్తుంది. మాకు దానితో ఉన్న పని అంతవరకే. పోయిన ఆ 35 శాతం ఎక్కడికి పోయిందని ల్యాబులో ఎవరూ అడగలేదు, నేను కూడా. నాన్న అయితే మొదటి రోజే అడిగి ఉండేవారు.

అది పోయింది ఆకాశంలోకి. సున్నపురాయి అంటే సున్నమూ, కార్బన్ డయాక్సైడూ కలిసి రాయిగా మారిన పదార్థం. కల్తీ లేని సున్నపురాయిని 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల వాయువు గొట్టం గుండా పైకి పోతుంది. కడప, కర్నూలు జిల్లాల కింద పరుచుకున్న ఈ రాయి కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. మన ఇళ్ళల్లో కాళ్ళకు చల్లగా తగిలే నాపరాయి అదే. బేలం గుహల గోడలూ అవే. పోయిన ఏడాది బేలంలో పాతాళగంగ దాకా దిగి చూశాను. గాలిలోని ఇదే వాయువును వాన నీళ్ళు తమలో కరిగించుకుని, చుక్క చుక్కగా రాయిని తొలిచి, మూడు కిలోమీటర్లకు పైగా దారి చేసుకున్నాయి. దానికి ఎన్ని యుగాలు పట్టిందో! కిల్న్‌కు ఆ రాయిని విప్పడానికి అరగంట చాలు.

ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. సిమెంటు వల్ల వాతావరణం వేడెక్కుతోందని చెబితే, బొగ్గు మానేస్తే సరిపోతుంది కదా అని చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. కిల్న్‌లో కాలి గడ్డలుగా వచ్చేదాన్ని క్లింకర్ అంటారు, దాన్ని నూరితేనే సిమెంటు. అది ఒక టన్ను తయారైతే రాయిలోంచే దాదాపు 530 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 1450 డిగ్రీల వేడి కోసం కాల్చే బొగ్గు, పెట్‌కోక్ (చమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి సరుకు) నుంచి ఇంకో 300 కిలోలకు పైన వస్తుంది. బొగ్గు బదులు ఏది కాల్చినా మొదటి లెక్క తగ్గదు. ప్రపంచం మొత్తం విడిచే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7, 8 శాతం. ఆ సిమెంటు తయారీలో చైనా తరువాత స్థానం మనదే.

మా ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎప్పుడూ దుమ్ము గురించే గొడవపడేవారు. వాళ్ళ గొడవ న్యాయమైనదే. పత్తి ఆకుల మీద, మిద్దెల మీద, ఆరేసిన బట్టల మీద తెల్లగా పడేది. తరువాత మంచి ఫిల్టర్లు వచ్చాయి, గొట్టం పైన పొగ కనిపించడం బాగా తగ్గింది. పొగ కనిపించకపోతే ఫ్యాక్టరీ శుభ్రంగా ఉందని అందరం అనుకున్నాం. కంటికి కనిపించేదాన్ని ఫిల్టరు ఆపింది. కనిపించనిది మాత్రం ఎప్పటిలాగే పోతూనే ఉంది.

ఇక మా ఇంటి విషయం. ఈ వేసవిలో పైన ఇంకో అంతస్తు వేశాం. మా మేస్త్రీ ఈ వీధిలో ఇరవై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్నాడు, పనిమంతుడు. స్లాబుకు సిమెంటు తెప్పించే రోజు వచ్చింది.

"53 గ్రేడు తెప్పించండమ్మా" అన్నాడు.

"బొగ్గు బూడిద కలిపినది చాలు నాయనా, పీపీసీ చెప్పాను" అన్నాను.

"గోడలకు, పూతకు అయితే సరేనమ్మా. స్లాబుకు వద్దు. రేపు ఏదైనా బీట వస్తే పేరు పోయేది నాది."

అతని భయం నాకు తెలుసు. 53 అనే అంకె, అంటే 28వ రోజుకు రావలసిన బలం మెగాపాస్కల్ లెక్కలో, బస్తా మీద కనబడుతుంది, పీపీసీ బస్తా మీద అలాంటి అంకె ఉండదు. అంకె పెద్దదైతే బలం ఎక్కువని కొనేవాళ్ళ నమ్మకం. ల్యాబులో నేను చెన్నై దగ్గరి ఎన్నూరు నుంచి వచ్చే ప్రామాణిక ఇసుకతో క్యూబులు పోసి, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు మిషనులో పెట్టి పగలగొట్టేదాన్ని. మొదటి వారం పీపీసీ వెనకబడే ఉంటుంది, నిజమే. 28వ రోజుకు వచ్చేసరికి మా పీపీసీ క్యూబులు 50 మెగాపాస్కల్ దాటడం నాకు మామూలు విషయం. ఆ తరువాత కూడా అది పెరుగుతూనే ఉంటుంది. సిమెంటు నీళ్ళతో కలిసినప్పుడు విడుదలయ్యే సున్నాన్ని బూడిద నెమ్మదిగా పట్టుకుని గట్టి పదార్థంగా మారుస్తుంది కాబట్టి. పైగా మొదటి రోజుల్లో పుట్టే వేడి తక్కువ. 45 డిగ్రీల ఎండలో స్లాబు పోసే మన ప్రాంతానికి అది మేలు.

కాగితం తీసి మేస్త్రీకి బస్తా లెక్క వేసి చూపించాను. 53 గ్రేడు బస్తాలో 47 కిలోల దాకా క్లింకరే. ఆ ఒక్క బస్తా వెనక దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంది. మూడో వంతు బూడిద కలిసిన పీపీసీ బస్తా వెనక 27 కిలోలు. మా స్లాబుకు 110 బస్తాలు పట్టాయి. తేడా 1400 కిలోలకు పైనే. "నాన్నగారి తరుగు లెక్కలాగా ఉందమ్మా" అన్నాడు. ఆయన అంగడి అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు.

అప్పుడు మేస్త్రీ అసలు ప్రశ్న అడిగాడు. "మరి నీళ్ళెక్కడివమ్మా?"

ఈ ప్రశ్నకు పరిశ్రమ దగ్గర సరైన జవాబు లేదని నా అభిప్రాయం. మామూలు సిమెంటుకు 7 రోజులు తడిపితే చాలని, బూడిద కలిసిన దానికి కనీసం 10 రోజులు తడపాలని, ఎండ, వేడిగాలి ఉన్నచోట 14 రోజులు మంచిదని మన ప్రమాణాల పుస్తకం ఐఎస్ 456 చెబుతుంది. రాయలసీమలో మే నెలలో 14 రోజులు స్లాబు తడపడం అంటే మాటలు కాదు. వీధిలో బోరు ఎండిపోయి ఉంటుంది, ట్యాంకరుకు డబ్బు కట్టాలి. సెంట్రింగ్ ఎక్కువ రోజులు ఉంచాలంటే దానికీ అద్దె. క్లింకర్ తగ్గించిన లాభం కంపెనీకి వెళ్తుంది, నీళ్ళ ఖర్చు, ఓపిక మాత్రం ఇల్లు కట్టుకునేవాడి మీద పడతాయి. ఫ్యాక్టరీలు పంపే మనుషులు మేస్త్రీలకు సమావేశాలు పెట్టి టోపీలు, సంచులు పంచడం నేను చూశాను. ఆ డబ్బుతో తడపడం ఎలాగో నేర్పి, క్యూరింగ్ గోనెపట్టాలు ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

మేం చేసింది ఇది. స్లాబు మీద సన్నగా గట్లు వేసి మడులు కట్టించాను, వరిమడిలాగా. ఒకసారి నింపితే రోజంతా నిలుస్తుంది. దూలాలకు, పిల్లర్లకు పాత గోనెసంచులు చుట్టి సాయంత్రం, తెల్లవారుజామున తడిపించాను. మిట్టమధ్యాహ్నం పోస్తే సగం ఆవిరైపోతుంది. వీధి చివర నీళ్ళ ప్లాంటులో ఫిల్టరు చేయగా వదిలేసే నీళ్ళు ఉచితంగా వస్తాయని మేస్త్రీ అన్నాడు. ఆ నీళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. వడకట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది, లోపలి కమ్మీలు తుప్పు పడతాయి. 14 రోజులకు నాలుగు ట్యాంకర్లు అయ్యాయి. మామూలుగా పైపుతో కొట్టి ఉంటే అంతకు రెట్టింపు అయ్యేది.

బూడిద మాకు దూరమేమీ కాదు. ముద్దనూరు వైపు 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. ఆ బూడిదను చెరువుల్లో పోసి గాలికి వదిలేకన్నా సిమెంటులో కలపడం అన్ని విధాలా మేలు. అయితే నన్ను చాలాకాలంగా కలవరపెట్టే విషయం ఒకటుంది. బూడిద బొగ్గు బిడ్డ. వాతావరణం కోసం బొగ్గు కరెంటు తగ్గించాలి, తగ్గిస్తే బూడిద కూడా తగ్గుతుంది. ఉక్కు కొలిముల నుంచి వచ్చి, బూడిదలాగే సిమెంటులో కలిసే స్లాగ్ సంగతీ అంతే. ఒక పొగ మీద ఆధారపడి ఇంకో పొగను ఎంతకాలం తగ్గించగలం?

అందుకే నేను ఆశగా చూసేది బంకమట్టి వైపు. ఎల్‌సీ3 అనే సిమెంటును స్విట్జర్లాండులోని లోసాన్, క్యూబా పరిశోధకులతో కలిసి మన ఢిల్లీ, మద్రాసు ఐఐటీలవాళ్ళు అభివృద్ధి చేశారు. క్లింకర్ సగమే. 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, 5 శాతం జిప్సం. 2023లో దీనికి మన దేశ ప్రమాణం కూడా వచ్చింది, ఐఎస్ 18189. ల్యాబు మనిషిగా నాకు ఇందులో అందం కనబడుతుంది. ఆ మట్టిని 700, 800 డిగ్రీల దగ్గర కాలిస్తే చాలు. మూసలో దాని బరువూ తగ్గుతుంది, కానీ పోయేది నీటి ఆవిరి. ఇక సున్నపురాయిని కాల్చనే కాల్చరు కాబట్టి దాని వాయువు దానిలోనే ఉండిపోతుంది.

అన్ని మట్టులూ దీనికి పనికిరావు, కనీసం 40 శాతం కెయోలినైట్ అనే తెల్లమట్టి ఖనిజం ఉండాలి. మన నల్లరేగడి అంతగా అక్కరకు రాదు. కానీ ఆ 15 శాతం రాతిపొడి? బేతంచెర్ల, ఎర్రగుంట్ల దారుల్లో వెళ్ళేవాళ్ళందరూ చూసే ఉంటారు, నాపరాయి పాలిష్ యూనిట్ల పక్కన కుప్పలు పోసిన తెల్లని బురద. అదంతా మెత్తగా నలిగిన సున్నపురాయే. ఎవరైనా యువ ఇంజనీర్లు ఆ బురదను ఎండబెట్టి, ఎల్‌సీ3లో పరీక్షించి చూస్తే బాగుండునని నా కోరిక. మూస పట్టుకుని పక్కన నిలబడటానికి నేను సిద్ధం.

మిగతా పనులు కూడా జరుగుతున్నాయి. రాతిపొడిని కిల్న్‌కు ముందే వేడిచేసే ప్రీహీటర్ నుంచి 300 డిగ్రీలకు పైన వేడితో బయటికి పోయే గాలితో కరెంటు తీయడం మంచి పని, ప్రతి ఫ్యాక్టరీ చేయాల్సింది. అనంతపురం జిల్లా వేరుశనగ పొట్టు, పట్టణాల చెత్తలోంచి వేరుచేసిన కాలే సరుకు బొగ్గు బదులు వేస్తున్నారు. చెత్తను సరిగా వేరుచేయకపోతే మాత్రం ప్లాస్టిక్‌లోని క్లోరిన్ ప్రీహీటర్ సైక్లోన్లలో గారలా పేరుకుని దారి మూసేస్తుంది. దాన్ని పొడిచి తీసే కార్మికుల ఒళ్ళు కాలడం చూసినదాన్ని, అందుకే చెత్త వేరుచేయడాన్ని చిన్న విషయంగా ఎవరైనా మాట్లాడితే నాకు కోపం వస్తుంది. సౌర విద్యుత్తు బోర్డులు గేటు ముందు పెద్దగా పెడతారు. పెట్టనీ, మంచిదే. కానీ ఫ్యాక్టరీ మొత్తం లెక్కలో కరెంటు వాటా పదో వంతు చుట్టుపక్కలే. రాయి తరుగు మాట ఆ బోర్డు మీద ఉండదు.

ఆ తరుగును గొట్టం దగ్గరే పట్టుకోవచ్చని నార్వేలోని బ్రెవిక్ ఫ్యాక్టరీ 2025లో చూపించింది. ఏడాదికి 4 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, సముద్రం అడుగున రాతిపొరల్లోకి పంపే ఏర్పాటు. అది ఆ ఫ్యాక్టరీ విడిచేదాంట్లో దాదాపు సగం. అక్కడి ప్రభుత్వం పెద్ద మొత్తం భరించింది కాబట్టి అది సాధ్యమైంది. మన దగ్గర 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం వచ్చింది, సిమెంటు పరిశ్రమ అందులో ఉంది. టన్నుకు ఇంత మించి విడవకూడదని హద్దు పెట్టి, మించినవాళ్ళు డబ్బు పెట్టి క్రెడిట్లు కొనుక్కోవాలనే పద్ధతి. బంగారు అంగట్లో తరుగుకు డబ్బు కట్టకుండా ఎవరూ నగ తీసుకుపోలేరు. సిమెంటుకు ఇన్నాళ్ళూ అలాంటి లెక్కే లేదు. హద్దు గట్టిగా పెడితే క్లింకర్ తగ్గించే తెలివి ఫ్యాక్టరీలకు దానంతట అదే వస్తుందని, 29 ఏళ్ళు వాళ్ళ మధ్య పనిచేసినదానిగా నమ్ముతున్నాను.

స్లాబు పోసిన రోజు అదే మాలుతో తొమ్మిది క్యూబులు కూడా పోయించి, నీళ్ళ తొట్టిలో వేశాను. ఏడో రోజు మూడింటిని దగ్గరలోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుకు తీసుకువెళ్ళాం. 14 మెగాపాస్కల్ వచ్చింది. మేస్త్రీ ముఖం చిన్నబోయింది, ఏమీ అనలేదు. 28వ రోజు అతనే ఆటో మాట్లాడి, క్యూబులు గోనెలో చుట్టి తెచ్చాడు. ఇవి కంకర కలిసిన కాంక్రీటు క్యూబులు, ల్యాబు సిమెంటు క్యూబులు కావు. వీటికి కావలసింది 20. మిషను ముల్లు 27 దగ్గర ఆగింది. అతను ఆ చీటీని ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

ఇంకో మూడు క్యూబులు వేపచెట్టు కింద తొట్టిలోనే ఉన్నాయి, 90వ రోజు కోసం. నిన్న వేరే ఇంటి పనికి వెళుతూ మేస్త్రీ గేటు దగ్గర ఆగాడు. తొట్టిలో నీళ్ళు తగ్గాయని చూసి, బిందెతో తనే నింపి వెళ్ళాడు.