‘నల్ల గ్రానైట్’ చీటీ చించేశాను

ఏడాదిగా ‘నల్ల గ్రానైట్’ అన్న చీటీతో పెట్టెలో పడి ఉన్న రాయిని ఈ వారం బయటికి తీశాను. నల్లగా ఉండి మెరుగు పట్టే ఏ రాయినైనా వ్యాపారులు ఆ పేరుతోనే అమ్ముతారు. నేనూ బద్ధకించి అదే రాసుకున్నాను.

ముందు సాంద్రత. పొడి రాయి 412 గ్రాములు తూగింది. నీళ్ల గిన్నెను తక్కెడ మీద పెట్టి, సున్నా చేసి, రాయిని దారంతో వేలాడదీసి ముంచితే 138 చూపింది, అంటే రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. భాగిస్తే 2.99. మొదటిసారి రాయి గిన్నె అడుగుకు ఆనడంతో 2.3 వచ్చి కంగారుపడ్డాను. గ్రానైట్ సాంద్రత మామూలుగా 2.6, 2.7 మధ్య ఉంటుంది. చీటీకి అక్కడే నూకలు చెల్లాయి.

తర్వాత గాజు పలక మీద సిలికాన్ కార్బైడ్ పొడి, నీళ్లు వేసి ఒక ముఖాన్ని అరగదీశాను: 120, 220, 400, 600 (అంకె పెరిగేకొద్దీ పొడి సన్నం). అంచుల్లో ఇరుక్కున్న 120 రేణువు ఒకటి 400 దగ్గర గీతలు పెట్టింది. మళ్లీ 220 నుంచి మొదలు. ఇప్పుడు ప్రతి దశకూ మధ్య పాత పళ్ల బ్రష్షుతో రాయిని కడుగుతున్నాను.

గళ్ల పారదర్శక కాగితం పరిచి, గీతలు కలిసే 200 బిందువుల కింద ఏ ఖనిజం ఉందో లెక్కపెట్టాను. బూడిదరంగు ప్లేజియోక్లేజ్ (సోడియం, కాల్షియం ఉండే ఫెల్‌స్పార్ ఖనిజం) 112, నల్ల ఖనిజం 83, లోహపు మెరుపున్నవి 5. గ్రానైట్‌లో తప్పక ఉండే క్వార్ట్జ్ ఒక్కటీ లేదు. దారానికి కట్టిన అయస్కాంతం రాయి వైపు కొద్దిగా ఒరిగింది కాబట్టి ఆ మెరుపు గింజల్లో మాగ్నెటైట్ ఉన్నట్టే.

ఇలాంటి ముదురు రాళ్లలో ఇక తేలాల్సింది డయోరైటా, గాబ్రోనా అన్నది; మొదటిదాంట్లో నల్ల ఖనిజం ఎక్కువగా హార్న్‌బ్లెండ్, రెండోదాంట్లో పైరాక్సీన్. పగిలిన వైపు నల్ల గింజలను పది రెట్ల భూతద్దంతో చూశాను. హార్న్‌బ్లెండ్ అయితే చీలిక తలాలు (ఖనిజం సహజంగా చీలే నున్నని ముఖాలు) 56, 124 డిగ్రీల కోణాల్లో కలుస్తాయి. ఇక్కడ దాదాపు లంబకోణమే కనిపించింది. అంటే పైరాక్సీన్, రాయి గాబ్రో.

రసాయనికంగా ఇది బసాల్ట్‌కు తోబుట్టువు, రెండింటిలోనూ సిలికా 45–52 శాతమే. బసాల్ట్ నేల మీద త్వరగా చల్లారుతుంది. గాబ్రో లోతున నింపాదిగా గడ్డకడుతుంది కాబట్టే నా రాయిలో గింజలు 4–5 మిల్లీమీటర్ల దాకా పెరిగాయి. సముద్రపు భూపటలంలో కింది భాగం ఎక్కువగా ఇదే. గ్రీన్‌లాండ్‌లోని స్కార్‌గార్డ్‌లో ఖనిజాలు పొరలు పొరలుగా పేరుకున్న గాబ్రో ఉంది. గుప్పెడు రాయిలో అలాంటి పొరల కోసం గంటసేపు వెతికాను, అత్యాశే.

కొత్త చీటీ మీద ‘గాబ్రో’ అని పెన్సిల్‌తోనే రాశాను. గాబ్రో అయితే ప్లేజియోక్లేజ్‌లో కాల్షియం పాలు సగానికి మించాలి; అది తేల్చడానికి సూక్ష్మదర్శిని కింద చూసేలా 0.03 మిల్లీమీటర్ల పలుచని ముక్క కోయించాలి. సిరా ఆ తర్వాతే.