మధ్యాహ్నం 3:36

మేం పిట్స్‌బర్గ్ వెళ్ళింది వెంకన్న కోసం. అక్కడి పెన్‌హిల్స్‌లో గుట్ట మీద తెల్లటి గోపురంతో వేంకటేశ్వరుడి గుడి ఉందని, అమెరికాలో మనవాళ్ళు తొలినాళ్ళలో కట్టుకున్న గుళ్ళలో అదొకటని మా మేనల్లుడు ఎన్నో ఏళ్ళుగా ఊరిస్తున్నాడు. పోయిన అక్టోబరులో న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా వెళ్ళడమేమిటని నేనూ మా ఆయనా ఆరు గంటలు కారులో కూర్చుని మరీ వెళ్ళాం.

13వ తేదీ పొద్దున్నే దర్శనం అయిపోయింది. తోపులాట లేదు. స్వామి ముందు ఎంతసేపు నిలబడినా "జరగండి జరగండి" అనేవాళ్ళు లేకపోవడం నాకు కాస్త వెలితిగానే అనిపించింది. గుళ్ళో పులిహోర పొట్లాలు కట్టించుకుని బయటికి వచ్చాక మేనల్లుడు వాచీ చూసుకున్నాడు.

"అత్తయ్యా, ఒంటిగంటకల్లా ఇంకో చోటుకి వెళ్ళాలి."

"ఏ గుడిరా?"

"గుడి కాదు, గోడ."

మా ఆయనకి ముందే తెలుసట. నాకు చెబితే రానంటానని ఇద్దరూ కూడబలుక్కున్నారు.

ఊళ్ళో ఓక్లాండ్ అనే పేట ఉంది. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ అక్కడే. 42 అంతస్తుల రాతి భవనం, కేథడ్రల్ ఆఫ్ లెర్నింగ్ అంటారు, ఎటు నుంచి చూసినా కనిపిస్తుంది. దానికి కొద్ది దూరంలో చెట్ల కింద ఓ పాత ఇటుక గోడ, దాని నిండా తీగలు. గోడ మీద తెల్లరంగుతో 457 అని అంకె. బ్యాట్స్‌మన్ నిలబడే చోటు నుంచి ఆ గోడకి అన్ని అడుగులన్నమాట. 1909 నుంచి 1970 దాకా అక్కడ ఫోర్బ్స్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానం ఉండేది, పైరేట్స్ జట్టు సొంత గడ్డ. మైదానం పోయింది, గోడలో కొంత మిగిలింది. ఆ గోడ ముందు మడత కుర్చీలు వేసుకుని చాలామంది కూర్చున్నారు. ఎక్కువమంది ముసలివాళ్ళే, నలుపు పసుపు టోపీలు పెట్టుకుని ఉన్నారు. ముందు ఓ స్పీకర్. సరిగ్గా ఒంటిగంటకి అందులోంచి గరగరమంటూ రేడియో కామెంటరీ మొదలైంది.

అది 1960 అక్టోబరు 13 నాటి మ్యాచ్! ఏటా అదే తేదీన, అదే వేళకి, మొదటి నుంచి చివరి దాకా వేసుకుని వింటారట. 1985లో ఒకాయన ఒంటరిగా టేప్ రికార్డర్ తెచ్చుకుని ఈ గోడ దగ్గర కూర్చుని విన్నాడట, అలా మొదలైంది ఈ ఆనవాయితీ. ఒంటిగంటకి ఎందుకంటే, అప్పుడు మొదలుపెడితేనే ఆఖరి దెబ్బ సరిగ్గా 3:36కి పడుతుంది. ఆ రోజు పడింది అప్పుడే.

నాకు క్రికెట్టే అంతంత మాత్రం, ఇక బేస్‌బాల్ సంగతి చెప్పాలా? కానీ ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, అంకెలు వినిపిస్తే చెవి అటే పోతుంది. వరల్డ్ సిరీస్ అంటే ఏడు ఆటలు, నాలుగు గెలిచినవాళ్ళదే కప్పు. అవతల న్యూయార్క్ యాంకీస్, కొమ్ములు తిరిగిన జట్టు. వాళ్ళు గెలిచిన మూడు ఆటల స్కోర్లూ మేనల్లుడు చెప్పాడు: 16-3, 10-0, 12-0. సిరీస్ మొత్తం కలిపితే యాంకీస్‌వి 55 పరుగులు, పైరేట్స్‌వి 27. పులిహోర పొట్లం వెనక పెన్నుతో తీసివేత వేసి చూశాను. ఆ మూడు ఆటలూ పక్కన పెడితే మిగిలిన నాలుగింటిలో పైరేట్స్ 24, యాంకీస్ 17. సగటు మాత్రమే చూసి తీర్పు చెప్పకండర్రా అని పిల్లలకి మొత్తుకునేదాన్ని. ఈ ఉదాహరణ అప్పుడే తెలిసుంటే ఎంత బాగుండేది!

ఏడో ఆట ఇదే. ఇందులో ఇన్నింగ్స్ తొమ్మిది, ఒక్కోదాంట్లో రెండు జట్లూ ఒకరి తర్వాత ఒకరు బ్యాటింగ్ చేస్తారు. పైరేట్స్ మొదట్లోనే 4-0 ముందుకెళ్ళారు. ఆరో ఇన్నింగ్స్‌లో యాంకీస్ వాళ్ళని దాటేశారు. ఎనిమిదో ఇన్నింగ్స్ సగానికి యాంకీస్ 7, పైరేట్స్ 4. ఇక్కడ కుర్చీల్లో వాళ్ళందరూ ఒక్కసారిగా ముందుకి వంగారు. నేలబారుగా వెళ్ళిన ఓ బంతి గట్టి నేల మీద అడ్డదిడ్డంగా ఎగిరి యాంకీస్ ఆటగాడు టోనీ కుబెక్ గొంతుకి తగిలింది. పాపం, అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అక్కడి నుంచి ఆట తిరగబడింది. రాబర్టో క్లెమెంటే కొట్టిన బంతి దగ్గరలోనే పడింది, తేలిగ్గా అవుటవ్వాలి. కానీ కొట్టినవాడు ముందుగా చేరాల్సిన ఫస్ట్ బేస్ దగ్గర కాపు కాయాల్సిన పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, సమయానికి అక్కడికి రాలేదు, క్లెమెంటే పరుగెత్తి బతికిపోయాడు. ఈలోపు పైరేట్స్‌కి రెండు పరుగులు వచ్చాయి. తర్వాత వచ్చిన హాల్ స్మిత్ హోమ్ రన్ కొట్టాడు, మన సిక్సర్‌లా బంతి గోడ దాటిందన్నమాట, మూడు పరుగులు. 9-7. గోడ దగ్గర చప్పట్లు, ఈలలు. ఆ మ్యాచ్ అయిపోయి ఆరు దశాబ్దాలు దాటిందండీ!

మా పక్క కుర్చీలో పెద్దాయన అప్పుడు బళ్ళో చదువుకుంటున్నాడట. టీచరమ్మ రేడియో పెట్టిందని, ఆ రోజు పాఠాలే జరగలేదని చెప్పాడు. అది విన్నాక మా ఆయన ఊరుకుంటాడా? 1983 ఫైనల్ రాత్రి ఖమ్మంలో ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని, బ్యాటరీలు నీరసిస్తే తీసి అరచేతుల్లో రుద్ది మళ్ళీ వేసిన కథంతా ఆయనకి చెప్పాడు. ఇద్దరికీ ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమై ఉంటుంది. పెద్దాయనకి ఓ పొట్లం పులిహోర ఇచ్చాను. నిమ్మకాయా అని అడిగాడు. చింతపండు అంటే ఏమిటో నా ఇంగ్లీషులో చెప్పేలోపే తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసింది, వేలు పెదాల మీద పెట్టి ఆగమన్నాడు.

యాంకీస్ మళ్ళీ రెండు కొట్టి 9-9 చేశారు. ఇంక పైరేట్స్ వంతు. ఒక్క పరుగు చాలు, ఆట అక్కడితో ఆగిపోతుంది. వచ్చింది బిల్ మాజరోస్కీ. ఫీల్డింగ్‌కి పేరు గానీ బ్యాటింగ్‌లో మొనగాడేం కాదు. మొదటి బంతి వదిలేశాడు.

ఈ నిమిషంలో చుట్టూ చూశాను. భద్రాచలంలో నవమి నాడు సీతారాముల పెళ్ళి జరుగుతుందా జరగదా అని ఎవరికీ అనుమానం ఉండదు. అయినా జీలకర్ర బెల్లం వేళకి వేలమంది మునివేళ్ళ మీద లేచి చూస్తారు. ఇక్కడా అంతే. కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. నాకూ టెన్షన్ పట్టుకుంది, ఎందుకో అడగకండి.

రెండో బంతి. లెఫ్ట్ ఫీల్డ్‌లో యోగి బెర్రా గోడ వైపు పరుగెత్తి, తల ఎత్తి, ఆగిపోయాడు. మ్యాచ్ అయిపోయింది. వరల్డ్ సిరీస్ ఏడో ఆటని అలా ఆఖరి దెబ్బకి హోమ్ రన్‌తో ముగించినవాడు అతనొక్కడే. టోపీ ఊపుకుంటూ పరుగెత్తాడట.

వీళ్ళు మాత్రం కేకలు వేస్తూనే ఇంకో దాని కోసం చెవులు రిక్కించి ఉన్నారు. ఆ రేడియో కామెంటేటర్ చక్ థాంప్సన్ ఆ హడావుడిలో రెండు తప్పులు చేశాడు. బంతి వేసింది రాల్ఫ్ టెర్రీ అయితే ఆర్ట్ డిట్మార్ అన్నాడు. పైరేట్స్ 10-0తో గెలిచారన్నాడు, తర్వాత దిద్దుకున్నాడు. "టెన్ టు నథింగ్" అనగానే అందరూ ఘొల్లున నవ్వారు. ఏటా నవ్వుతారట. ఆ టేపులోంచి తప్పులు తీసేస్తే ఒక్కరు కూడా రారని నా అనుమానం.

బంతి సరిగ్గా దాటిన చోట కాలిబాటలో ఓ పలక పొదిగారు. అది కాస్త అవతల ఉంది. బ్యాట్స్‌మన్ నిలబడే చోట నేలలో ఉండే పలకని, అంటే హోమ్ ప్లేట్‌ని, యూనివర్సిటీ పోస్వార్ హాల్ నేలలో అద్దం కింద భద్రపరిచారు. దాని మీద నిలబడి ఫోటో దిగాం. అసలు చోటు ఆడవాళ్ళ బాత్రూంలో పడుతుందని, అందుకే ఇటు జరిపారని ఊళ్ళో పాత జోకు ఉందిట.

సాయంత్రం అలెఘనీ నది మీద పసుపు రంగు వంతెన ఎక్కాం. దాని పేరు రాబర్టో క్లెమెంటే వంతెన. అవతలి ఒడ్డున ఇప్పటి మైదానం పీఎన్‌సీ పార్క్. తలుపులు వేసి ఉన్నాయి. అక్టోబరులో ఈ జట్టుకి ఆట ఉండటం అరుదు. 1993 నుంచి 2012 దాకా వరుసగా ఇరవై ఏళ్ళు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. మనవాళ్ళెవరైనా ఆడారా అని మా ఆయన అడిగాడు. 2008లో ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌తో ఈ పైరేట్సే ఒప్పందం చేసుకున్నారని, ఇద్దరూ అంతకుముందు జావెలిన్ విసిరేవాళ్ళని మేనల్లుడు చెప్పాడు. పెద్ద లీగ్ దాకా వెళ్ళలేదు.

వంతెన చివర క్లెమెంటే విగ్రహం ఉంది. ప్యూర్టోరికో మనిషి. 1971 వరల్డ్ సిరీస్‌లో అతనే మేటి ఆటగాడు. ఆ ఏడాదే సెప్టెంబరు 1న పైరేట్స్ తొమ్మిదిమందీ నల్లవాళ్ళు, లాటిన్ వాళ్ళే ఉన్న జట్టుని దింపారు, పెద్ద లీగ్‌లో అదే మొదటిసారి. 1972 సెప్టెంబరు 30న క్లెమెంటే తన 3000వ హిట్ కొట్టాడు. డిసెంబరులో నికరాగ్వా రాజధానిలో భూకంపం వచ్చింది. పంపిన సాయం జనానికి చేరడం లేదని తెలిసి, డిసెంబరు 31న తనే సరుకుల విమానంలో బయల్దేరాడు. బయల్దేరిన కాసేపటికే విమానం సముద్రంలో పడింది. అతని శరీరం దొరకలేదు. వయసు 38. లీగ్ ఆటల్లో హిట్ల లెక్క 3000 దగ్గరే ఆగిపోయింది.

అంకె రౌండుగా వస్తే లెక్కల టీచర్లకి ముచ్చటేస్తుంది. ఇది మాత్రం చాలాసేపు మింగుడు పడలేదు. పీఎన్‌సీ పార్క్‌లో కుడివైపు, రైట్ ఫీల్డ్ గోడ ఎత్తు 21 అడుగులు పెట్టారట, అది అతని జెర్సీ నంబరు. నది ఒడ్డున నడుచుకుంటూ ఆ గోడ వెనక వైపు దాకా వెళ్ళి చూసొచ్చాం.

మర్నాడు పొద్దున్న ఖమ్మంలో మా చెల్లికి ఫోన్ చేశాను. దర్శనం బాగా జరిగిందని చెప్పాను. తర్వాత ఇంకేం చూశారక్కా అంది. గోడ అన్నాను. సిగ్నల్ సరిగ్గా లేదనుకుని, "ఏంటీ?" అని మళ్ళీ అడిగింది.