రోజువారీ అద్దెకు ఇల్లిచ్చే యజమాని బాధ్యతలు

నెల్లూరులో రొట్టెల పండుగ దగ్గర పడగానే దర్గామిట్ట చుట్టుపక్కల ఖాళీ పోర్షన్లకు గిరాకీ పెరుగుతుంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువుకు పొరుగు రాష్ట్రాల నుంచి కూడా తరలివచ్చే కుటుంబాలకు లాడ్జీలు చాలవు కాబట్టి, రోజు లెక్కన ఇల్లివ్వడం మనకు కొత్త కాదు. అయితే ఆ నాలుగు రోజుల ఏర్పాటు ఇప్పుడు యాప్‌ల ద్వారా ఏడాది పొడవునా సాగే వ్యాపారమైంది. యజమాని హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగినా జవాబు చెప్పవలసింది యజమానే అన్న సంగతి ఈ పద్ధతిలో మరుగున పడుతోంది. మా మేడమీది పోర్షన్‌ను ఇలాగే ఇస్తున్నాను కనుక, ఈ విషయం నా తోటి యజమానులతో వివరంగా చెప్పాలనిపించింది.

మొదటిది, ఇంట్లో ఎవరు దిగుతున్నారో తెలిసి ఉండడం. బుక్ చేసిన ఒక్కరి వివరాలు తీసుకుని ఊరుకోకుండా, దిగే పెద్దలందరి పేర్లు, ఫోన్ నంబర్లు, వచ్చి వెళ్లిన తేదీలు రిజిస్టరులో రాసి ఉంచాలి. విదేశీ పౌరులు దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో అధికారులకు సమాచారం ఇవ్వడం చట్టరీత్యా తప్పనిసరి, ఇది హోటళ్లకే కాదు, మన ఇళ్లకూ వర్తిస్తుంది. ఇక ఆధార్ విషయంలో, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. ఆడపిల్లలతో వచ్చిన కుటుంబాల ఆధార్ ఫొటోలు వాచ్‌మన్ వాట్సాప్‌లో నెలల తరబడి పడి ఉండడం నేను చూశాను. అంత నిర్లక్ష్యం ఎంతమాత్రం తగదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది బాత్‌రూమ్‌లోని గ్యాస్ గీజర్. కిటికీ లేని చిన్న గదిలో, తలుపు మూసుకుని వేడినీళ్లు పోసుకుంటున్నంతసేపూ ఆ మంట గదిలోని గాలిని వాడుకుంటుంది, గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మనిషి కళ్లు తిరిగి పడిపోయే దాకా తెలియదు. అద్దెకిచ్చే ఇంట్లో దాన్ని తీసేసి ఎలక్ట్రిక్ గీజర్ పెట్టించడం, విద్యుత్ లీకయితే సరఫరా ఆపేసే బ్రేకర్ బిగించడం యజమాని స్వయంగా దగ్గరుండి చేయించవలసిన పనులు. ఎప్పుడూ ఆ ఇంట్లో ఉండేవారికి ఏ స్విచ్ షాక్ కొడుతుందో తెలుస్తుంది కానీ, రాత్రి పదింటికి వచ్చి దిగినవారికి ఏమీ తెలియదు. గేటు దగ్గర సీసీ కెమెరా ఉంటే ముందే చెప్పాలి. గదుల్లో, బాత్‌రూముల్లో మహిళలను రహస్యంగా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద జైలుశిక్ష పడే నేరం.

ఇరుగుపొరుగు పడే ఇబ్బంది ఎక్కువగా నీళ్లతో మొదలవుతుంది. నలుగురికని ఇచ్చిన ఫ్లాటులో పన్నెండుమంది దిగితే తెల్లారేసరికి సంపు అడుగంటుతుంది, ట్యాంకర్ ఖర్చు మాత్రం అపార్ట్‌మెంటు అంతా పంచుకోవలసి వస్తుంది. అందువల్ల అసోసియేషన్ అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి, అదనపు నీటి ఖర్చు యజమానే భరించాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు, సౌండ్ బాక్సులు బయటకు వినిపించేలా పెట్టకూడదన్న నిబంధన మేడమీద జరిగే పుట్టినరోజు విందుకూ వర్తిస్తుంది.

మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఇల్లిచ్చేవారి మీద మరో భారం ఉంది. ఒడ్డు నుంచి చూస్తే ప్రశాంతంగా ఉన్న చోటే లోపలికి లాగే ప్రవాహం ఉండవచ్చునని, ఎక్కడ దిగవద్దని స్థానిక మత్స్యకారులు చెబుతున్నారో, తాళంచెవి ఇచ్చేటప్పుడే అతిథులకు నోటితో చెప్పాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు తుఫాన్ల కాలం. హెచ్చరిక వచ్చిన రోజున బుకింగ్ రద్దు చేసి డబ్బు పూర్తిగా తిరిగి ఇవ్వాలి తప్ప, బేరమాడకూడదు. కొత్తగా కట్టదలచినవారు పోటు గీత (పోటు సమయంలో సముద్రపు నీరు చేరే హద్దు) నుంచి 500 మీటర్ల వరకు తీర ప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తిస్తాయని గుర్తించాలి.

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. అద్దె ఆదాయాన్ని రిటర్నులో చూపాలి, కరెంటు కనెక్షన్, ఇంటి పన్ను ఏ కేటగిరీలోకి వస్తాయో విద్యుత్, పురపాలక కార్యాలయాల్లో కనుక్కోవాలి. వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలన్న షరతు ఉంది, అది చాలా సబబైనదని నా అభిప్రాయం. ఊళ్లో ఉండడం వీలుకాని యజమానులు కనీసం అరగంటలో ఇంటికి చేరుకోగల బాధ్యతగల వ్యక్తిని నియమించి, ఆ మనిషి నంబరును అతిథులకే కాక పక్కింటివారికీ ఇవ్వాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలవడానికైనా, అతిథికి డబ్బు తిరిగి ఇవ్వడానికైనా, అవసరమైతే ఖాళీ చేయించడానికైనా ఎవరినీ అడగనక్కరలేని అధికారం ఆ వ్యక్తికి ఉండాలి.