ముగ్గురు అమృతాలు, ఒక్కడే ఆంజనేయులు

మా అమ్మకు సినిమాల్లో చిన్న పాత్రలు వేసేవారి అసలు పేర్లతో పని లేదు. ఏ సినిమాలోనైనా శివన్నారాయణ కనిపించగానే ‘అదిగో అప్పాజీ’ అంటుంది, వాసు ఇంటూరి కనిపిస్తే ‘సర్వం వచ్చాడు’ అంటుంది. ఆ సినిమాలో వాళ్ళు జడ్జీలైనా, పోలీసులైనా ఆమెకు అనవసరం. ఈ పేర్లు పుట్టిన హాస్య ధారావాహిక ‘అమృతం’ 2001 నవంబరులో జెమిని టీవీలో మొదలై ప్రతి ఆదివారం రాత్రి వస్తూ 2007 నవంబరులో ముగిసింది. ఆ ఆరేళ్ళలో మూడు వందలకు పైగా భాగాలు వచ్చాయి. ముగిసి ఇన్నేళ్ళయినా అందులోని ఇంటి ఓనరు అప్పాజీ ఇప్పటికీ మా ఇంట్లో ఓనరే.

అయితే అదే అమ్మను ‘అమృతం ఎవరు?’ అని అడిగితే మాత్రం వెంటనే ‘ఏ అమృతం?’ అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే అమృతరావు పాత్రను మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, చివరకు హర్షవర్ధన్ పోషించారు. ధారావాహిక పేరే కథానాయకుడి పేరు, ఆ కథానాయకుడే రెండుసార్లు మారాడు, అయినా అమృత విలాస్ హోటలు మూతపడలేదు. పక్కన భాగస్వామి ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, సర్వరుగా వాసు, అద్దె కోసం వచ్చే అప్పాజీగా శివన్నారాయణ ఉన్నంతకాలం ఎదురుగా ఎవరు నిలబడినా మనకు అమృతమే అనిపించాడు. తెలుగు టీవీలో పక్క పాత్రల బలానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

ఈ మాట టైటిల్ పాటలోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాయగా కల్యాణి మాలిక్ స్వరపరచి పాడిన ఆ పాట అమృతాన్ని పిలవదు, ‘ఒరేయ్ ఆంజనేలూ’ అని మొదలవుతుంది. ధారావాహిక ఒకరి పేరు మీద, పాట మరొకరి పేరు మీద! అమృతం ముఖం ఎన్నిసార్లు మారినా పాటలో ఒక్క అక్షరం కూడా మార్చవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే పాట పిలిచిన మనిషి మొదటి నుంచి చివరి దాకా తన చోటనే ఉన్నాడు.

పేర్ల దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం అక్కడే ఉంది. ఆంజనేయులు పాత్ర వేసిన నటుడి పేరు హనుమంతరావు. పాత్రకూ నటుడికీ ఒకే దేవుడి పేరు. అమృతం భార్య పేరు సంజీవని. రామాయణంలో ఆంజనేయుడు కొండతో సహా మోసుకొచ్చిన మూలిక పేరు పెట్టుకున్న ఇల్లాలు, దేవదానవులు పాలకడలిని చిలికి తీసిన అమృతం పేరు పెట్టుకున్న భర్త, వీరిద్దరి మధ్య తిరిగే స్నేహితుడు ఆంజనేయులు. ఇక హోటల్లో ఇడ్లీ తెచ్చి పెట్టే సర్వరు పేరు సర్వం. ధారావాహిక సృష్టికర్త గుణ్ణం గంగరాజు బృందం ఈ పేర్లను ఎంత ముచ్చటపడి పెట్టుకుని ఉంటుందో తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

తెర వెనక నుంచి వెళ్ళినవారి కథలు కూడా తక్కువవేమీ కావు. తొలి భాగాలకు దర్శకత్వం వహించిన చంద్రశేఖర్ ఏలేటి 2003లో ‘ఐతే’ తీసి, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చుకున్నాడు. దాని నిర్మాత గంగరాజే, సంగీతం కల్యాణి మాలిక్‌దే. ఇందులో రాస్తూ నటిస్తూ వచ్చిన ఎస్.ఎస్. కాంచి తర్వాత ‘మర్యాద రామన్న’కు కథ ఇచ్చాడు. మూడో అమృతమైన హర్షవర్ధన్ ‘మనం’ సినిమాకు మాటలు రాశాడు.

మొదటి ఇద్దరు అమృతాల సంగతి మాత్రం కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు. 2017లో మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్‌కు శివాజీ రాజా అధ్యక్షుడిగా, నరేష్ ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 2019 మార్చి ఎన్నికల్లో ఇద్దరూ అధ్యక్ష పదవికి ఎదురెదురుగా నిలబడగా నరేష్ గెలిచాడు. అంటే మొదటి అమృతం తర్వాత రెండో అమృతం రావడమన్నది ధారావాహికలో ఒకసారి, సంఘంలో ఒకసారి జరిగిందన్నమాట. ఫలితాలు టీవీలో చూస్తూ మా అమ్మ ‘అమృతం ఓడిపోయి అమృతం గెలిచాడు’ అంది, ఇంట్లో అందరికీ వెంటనే అర్థమైంది.

2014లో గంగరాజు ‘చందమామలో అమృతం’ అనే సినిమా తీసి ఈ హోటలును ఏకంగా చంద్రుడి మీదికి చేర్చాడు. నాకు ఆ హోటలు నేల మీద ఉంటేనే బాగుంటుంది. 2020 మార్చి 25న, ఉగాది రోజున, ఓటీటీ వేదిక జీ5లో ‘అమృతం ద్వితీయం’ మొదలైంది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. ఊళ్ళో టిఫిన్ సెంటర్లన్నీ షట్టర్లు దించుకున్న పూట అమృత విలాస్ ఒక్కటే తలుపులు తెరిచింది. హర్షవర్ధన్ అమృతంగా తిరిగి వచ్చాడు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలోనే వెళ్ళిపోయారు కనుక ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరాం నటించారు.

ఎల్.బి. శ్రీరాం అంటే మా అమ్మకు ఎంతో గౌరవం. కొంతసేపు శ్రద్ధగా చూసింది కూడా. తర్వాత ఉగాది పచ్చడి గిన్నె కడిగి బోర్లించి వచ్చి, ‘పాతది ఒకటి పెట్టరా’ అంది. యూట్యూబులో పెట్టాను. ‘ఒరేయ్ ఆంజనేలూ’ అని పాట మొదలవగానే ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ తెర వైపు చూసి, ‘వస్తాడుండు’ అంది.