కారవాన్ రాకముందు: రాజోలు దగ్గర మా ఇంటి ఆవరణలో సాగిన పనుల చిట్టా

నవంబరు 9

బెంగళూరు శివారులో, ఒక్కో బండినీ విడిగా కట్టి ఇచ్చే చిన్న వర్క్‌షాపులో, కారు వెనుక తగిలించి లాక్కెళ్ళే మా తొలి కారవాన్ ట్రైలర్‌కు అడ్వాన్సు ఇచ్చి నిన్న రాత్రి ఇంటికి చేరాము. ఫిబ్రవరి రెండవ వారానికి సిద్ధమవుతుందని చెప్పారు. లోపల ఇద్దరం పడుకోవడానికి చోటు ఉంటుంది, వెనుక తలుపు పైకెత్తితే వంటగట్టు ఉంటుంది. కారుకు తగిలించే ముందు కమ్మీతో (డ్రాబార్‌తో) కలిపి పొడవు 4.3 మీటర్లు, వెడల్పు 1.9 మీటర్లు, ఎత్తు 2.2 మీటర్లు. ఖాళీ బరువు 590 కిలోలు; సామానుతో కలిపి 750 కిలోలు దాటకూడదు. బండి కట్టడం వారి పని. దానిని నిలిపే నేల, లోపలికి తెచ్చే దారి, అందులోకి ఎక్కించే బరువు మా పని. ఈ మూడింటినీ బండి రాకముందే తేల్చుకోవాలని ఈ చిట్టా మొదలుపెడుతున్నాను.

ఆర్డరులో మూడు విషయాలు పట్టుబట్టి రాయించాను. సముద్రం మాకు పాతిక కిలోమీటర్ల లోపే ఉంది, ఇక్కడి ఉప్పుగాలికి కొత్త కిటికీ ఊచ కూడా రెండేళ్ళకే తుప్పు తేలుతుంది కనుక, చట్రాన్ని రంగుతో సరిపెట్టకుండా, వెల్డింగు, రంధ్రాలు అన్నీ పూర్తయిన తరువాత కరిగిన జింకులో ముంచాలన్నది మొదటిది. నేలకు, అరలకు వాడే ప్లైవుడ్ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమై ఉండాలి, కోసిన అంచులన్నింటికీ సీలర్ పూయాలి అన్నది రెండవది. మూడవది బ్రేకు. ఐరోపా దేశాలలో 750 కిలోల లోపు ట్రైలర్‌కు బ్రేకు తప్పనిసరి కాదు. కానీ చించినాడ వంతెన దిగేటప్పుడు ముందు ఆటో హఠాత్తుగా ఆగితే, వెనుక నుంచి 700 కిలోలు మన కారును తోస్తాయి. అందుకే కారు వేగం తగ్గగానే ట్రైలర్ ముందుకు నొక్కుకొచ్చే ఆ బలంతోనే పట్టే ఓవర్‌రన్ బ్రేకు, దానితోపాటు చేతి బ్రేకు పెట్టమన్నాను. ఖర్చు పెరిగింది, అయినా నాకు విచారం లేదు.

నవంబరు 23

మా ఇల్లు పంటకాలువ గట్టు మీది రోడ్డుకు ఆనుకుని ఉంది. పూర్వం కుప్పలు నూర్చిన కళ్ళం ఇప్పుడు ఖాళీగా ఉంది కనుక బండిని అక్కడే నిలపాలని నిశ్చయించాము. నీడ కోసం కొబ్బరి చెట్ల కింద పెడదామని నా భార్య మొదట అన్నది. ఎండుమట్ట పడినా, కాయ పడినా పైకప్పు మీది సోలార్ ప్యానెల్ నిలవదని ఆలోచించి, చివరకు ఇద్దరమూ ఎండనే ఎంచుకున్నాము. దగ్గరగా వంగి ఉన్న రెండు చెట్లకు దింపు తీయించి, ఎండుమట్టలు కూడా కొట్టించాను. ఇకపై ప్రతి దింపుకూ ఆ రెండు చెట్లతోనే మొదలుపెట్టాలని దింపు తీసే ఆయనతో మాట్లాడుకున్నాను.

నేల విషయం ఇంత తేలికగా తేలలేదు. ఇది గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. మూడడుగులు తవ్వితే చెమ్మ, వానాకాలమైతే నీరే. ట్రైలర్ బరువంతా రెండే చక్రాల మీద, ఒకే చోట, నెలల తరబడి ఉంటుంది. ఒక చక్రం దిగబడితే చట్రం మెలితిరుగుతుంది, తలుపు పట్టదు, అతుకుల దగ్గర సీలెంటు విడి నీరు లోపలికి దారి చేసుకుంటుంది. నాలుగంగుళాల కాంక్రీటు పోస్తే చాలనుకున్నాను. మా తాపీ మేస్త్రి ఒప్పుకోలేదు. "బాబుగారూ, ఈ మట్టి మీద ఊరికే పలక పోస్తే రెండో ఏటికి పగులుద్దండి. ముందు కింద బలం కట్టాలండి" అన్నారు. ఆయన చెప్పినట్టే 18 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున అడుగున్నర లోతు తవ్వించి, మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన గ్రావెల్‌ను రెండు పొరలుగా పోసి, ఒక్కో పొరనూ నీళ్ళతో తడిపి దిమ్మిస చేయించాము. దాని మీద ఇటుక ముక్కలు, ఆ పైన 8 మిల్లీమీటర్ల ఊచల జల్లెడతో 5 అంగుళాల కాంక్రీటు పోశారు. వాననీరు నిలవకుండా వెనుక వైపుకు అంగుళంన్నర వాలు ఇచ్చారు.

పలక ఎత్తు గురించి చాలాసేపు చర్చించుకున్నాము. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. ఏటిగట్టుకు ఊరి వైపున ఉన్న మాకు మామూలు వరదలలో ఇబ్బంది వాననీటి ముంపుతోనే కనుక, ఆవరణ కంటే అడుగు ఎత్తు చాలు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చి గట్లు తెగినప్పటి వంటి వరదకు మాత్రం అడుగు ఎత్తు ఎందుకూ పనికిరాదు. అప్పుడు బండిని తగిలించుకుని ముందే వెళ్ళిపోవడమే మార్గం. కాబట్టి డ్రాబార్ ఎప్పుడూ రోడ్డు వైపే చూస్తూ ఉండాలి. అంటే ప్రతిసారీ ట్రైలర్‌ను గేటులోనుంచి రివర్సులోనే లోపలికి నెట్టాలి. ఈ ఒక్క నిర్ణయం వచ్చే నెల పనినంతా నిర్దేశించింది.

కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే నాలుగు మూలలా 16 మిల్లీమీటర్ల ఊచను గుర్రపునాడా ఆకారంలో వంచి, లోపలి జల్లెడకు కట్టించాను. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ కొబ్బరి తోటలు ఎలా నేలవాలాయో చూసినవాళ్ళం. బరువు తక్కువ, పక్కగోడలు పెద్దవి అయిన ఇలాంటి బండిని ఆ గాలికి వదలకూడదు. తుపాను హెచ్చరిక వినగానే చట్రాన్ని రాచెట్ పట్టీలతో ఆ కొక్కేలకు బిగిస్తాము.

డిసెంబరు 14

గేటు 10 అడుగులు ఉండేది. 1.9 మీటర్ల బండికి అది చాలదా అని మా బావమరిది అడిగాడు. నేరుగా వస్తే చాలు. కానీ రోడ్డు 12 అడుగులే, అవతల కాలువ. వంపు తిరుగుతూ వెనక్కి వచ్చే ట్రైలర్ తన వెడల్పు కంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది. కారు, ట్రైలర్ కొలతలతో నేల మీద ముగ్గుతో గీతలు గీసి, ట్రైలర్ బదులు వెదురు చట్రాన్ని తిప్పి చూశాము. ఒక పక్క స్తంభం పడగొట్టి 14 అడుగులు చేశాక గాని తృప్తి కలగలేదు.

రివర్సు సాధనకు పొరుగు రైతు తన ట్రాక్టరునూ, దాని వెనుక తగిలించే ఖాళీ ట్రక్కునూ ఇచ్చారు. సార్వా కోతలు అయినా చేలలో ఇంకా తడి ఉండడంతో ఇటుక బట్టీ పక్కనున్న గట్టినేల మీద నాలుగు ఆదివారాలు సాధన చేశాను. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రక్కు ఎడమకు పోతుందని తెలిసినా, చేతులకు అది పట్టడానికి సమయం పట్టింది. ముప్పై ఏళ్ళుగా ట్రాక్టరు నడుపుతున్న డ్రైవరుగారు ఒకే మాటతో నా ఇబ్బంది తీర్చారు: "చక్రం పైన కాదండి, అడుగున పట్టుకోండి. ట్రక్కు ఎటు పోవాలో అటే చెయ్యి జరపండి." ఆ రోజు నుంచి పొరపాట్లు సగానికి తగ్గాయి. ఇంకొక విషయం కూడా ఆయనే చెప్పారు. చిన్న ట్రైలర్ పెద్దదానికంటే త్వరగా మడత పడుతుంది. వంకర కనిపించగానే దిద్దాలి, దిద్దలేకపోతే ముందుకు లాగి నిటారు చేసుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. కాలువ అంచున మొండిగా ప్రయత్నించకూడదని నాకు నేను నియమం పెట్టుకున్నాను: రెండు ప్రయత్నాలకు కుదరకపోతే దిగి చూడాలి. నా భార్య వెనుక నిలబడి చేతులతో చూపే సైగలు ఐదింటిని ఇద్దరమూ కంఠస్థం చేశాము. ఆమె అద్దంలో కనిపించకపోతే నేను ఆగిపోతాను.

జనవరి 18

పండుగ వారం పనులేవీ సాగలేదు. కనుమ మరునాటి నుంచి బరువుల లెక్క మొదలైంది.

750 నుంచి 590 తీసేస్తే 160 కిలోలు. కాగితం మీద ఎక్కువగానే కనిపిస్తుంది. కురిడీలు (ఎండు కొబ్బరికాయలు) తూచే కాటాను కొట్టు నుంచి తెప్పించి, తీసుకెళ్ళాలనుకున్న ప్రతి వస్తువునూ దాని మీద పెట్టి పుస్తకంలో రాశాను. నీళ్ళ ట్యాంకు 40 లీటర్లు, అంటే 40 కిలోలు. 5 కిలోల గ్యాసు సిలిండరు నిండుగా 12.6 కిలోలు. ఇంట్లో ఇన్వర్టరుకు ఉన్న 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీలాంటిది పెడదామనుకున్నాను. అది ఒక్కటే 50 కిలోలు దాటింది. దాని బదులు 12 కిలోల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఎంచుకున్నాము. 12.8 వోల్టులు, 100 ఆంపియర్-అవర్లు కనుక 1,280 వాట్-అవర్ల నిల్వ. 25 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే 250, దీపాలు, ఫోన్లు కలిపి మరో 100. మబ్బు పట్టినా మూడు రాత్రులు గడుస్తాయి. ఏసీని ఈ బ్యాటరీ మోయలేదు. పలక పక్కన వేయించిన 16 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించినప్పుడు మాత్రమే అలాంటి ఆలోచన. ఆ ప్లగ్గుకు, కరెంటు లీకైతే సరఫరాను ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించడం మరువలేదు.

ఇనుప పెనం, రుబ్బురోలు, ఇత్తడి బిందె జాబితా నుంచి పోయాయి. పెనం విషయంలో ఇంట్లో కొంత బాధ పడ్డారు, చివరకు చిన్న పెనం ఒకటి చేర్చాము. అన్నీ కలిపితే 131 కిలోలు. మిగిలిన 29 కిలోలను తాకకుండా ఉంచుతున్నాను, ఎందుకంటే దారిలో కొనే కొబ్బరి బొండాలకూ, తడిసిన గుడ్డలకూ కూడా బరువుంటుంది.

మొత్తం బరువు ఎంత ముఖ్యమో అది ఎక్కడ పడుతుందన్నదీ అంతే ముఖ్యం. ఎడ్లబండిలో బస్తాలు వేసేటప్పుడు కాడి మీద కొంత మొగ్గు ఉండేలా సర్దడం మా తాతగారు చేయగా చూశాను. వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడతాడు బిగుసుకునేది. ట్రైలర్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మొత్తంలో పదో వంతు, అంటే మాకు 70 నుంచి 75 కిలోల దాకా, డ్రాబార్ కొసన ఉండే కప్లింగ్ మీద పడాలి, అది కారు వెనుక దానిని తగిలించే హిచ్‌కు నిర్ణయించిన పరిమితిని దాటకూడదు. తక్కువైతే వేగంలో వెనుక భాగం అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఊగడం మొదలైతే స్టీరింగ్‌తో దిద్దకూడదు, బ్రేకు గట్టిగా తొక్కకూడదు, యాక్సిలరేటర్ నుంచి కాలు తీసి బండిని దానంతట అది నెమ్మదించనివ్వాలి. బండి రాగానే మనిషి బరువు చూసే యంత్రం మీద ఒక కర్రదుంగ నిలిపి, కప్లింగ్‌ను దాని మీద ఆనించి కొలుస్తాను. ధాన్యం లారీల వేబ్రిడ్జి మొత్తం బరువుకు పనికొస్తుంది గాని, ఈ చిన్న లెక్కకు దాని సూక్ష్మత చాలదు.

ఫిబ్రవరి 3

కారుకు 50 మిల్లీమీటర్ల హిచ్ బాల్, ఏడు పిన్నుల సాకెట్టు బిగించారు. పసుపు తీగ ఎడమ ఇండికేటరు, ఆకుపచ్చ కుడి ఇండికేటరు, ఎరుపు బ్రేకు దీపం, తెలుపు ఎర్తు. ఒక ఇండికేటరు వేస్తే మరో దీపం మినుకుమినుకుమంటే మొదట తెల్ల తీగను అనుమానించాలని ఎలక్ట్రీషియన్ చూపించారు. బీమా కంపెనీకి హిచ్ సంగతి లిఖితపూర్వకంగా తెలియజేశాము. ట్రైలర్‌కు కూడా రిజిస్ట్రేషన్ ఉంటుంది కనుక అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22, తాత్కాలిక రిజిస్ట్రేషన్ కాగితాలు చేతికి రానిదే మిగిలిన సొమ్ము చెల్లించకూడదని అనుకున్నాము.

ఫిబ్రవరి 10

ఎల్లుండి బెంగళూరు ప్రయాణం. అక్కడ ఒక పూట పూర్తిగా తనిఖీకే కేటాయించాము. గొట్టంతో అరగంట నీళ్ళు కొట్టించి, తరువాత లోపలికి వెళ్ళి మూలలను, కిటికీల కింది భాగాన్ని వేళ్ళతో నొక్కి చూస్తాను. గ్యాసు అతుకులకు సబ్బునీళ్ళు పూసి బుడగలు చూస్తాము. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది, కారితే నేలమీదికే దిగుతుంది. అందుకే సిలిండరు పెట్టే అర కింది భాగంలో రంధ్రం తెరిచి ఉండాలి. మా వైపు కందిరీగ ఏ చిన్న రంధ్రం దొరికినా మట్టిగూడు కట్టేస్తుంది కనుక, దానికి సన్నని స్టీలు జాలీ వేయించుకుని, నెలకొకసారి చూసుకోవాలి. టైరు పక్కగోడ మీది చివరి నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. పాత నిల్వ టైర్లను తీసుకోను. బ్రేకు, చేతి బ్రేకు, బండి కారు నుంచి విడిపోతే కేబుల్ లాగి బ్రేకు పట్టించే ఏర్పాటు, గొలుసులు, దీపాలు, అన్నీ ఒకటికి రెండుసార్లు చూడాలి.

800 కిలోమీటర్లు తొలిసారే లాగడం నాకు ఇష్టం లేదు. రావులపాలెం దాకా లారీ మీద వస్తుంది; అక్కడ దింపుకుని కొత్తపేట, అమలాపురం మీదుగా, పాశర్లపూడి వంతెన దాటి నేను తెస్తాను. నిన్న ఖాళీ కారుతో ఆ దారంతా తిరిగి, ఆగదగిన నాలుగు చోట్లు గుర్తుపెట్టుకున్నాను. అరటి బండ్ల రద్దీ తగ్గిన తరువాత, మధ్యాహ్నం బయలుదేరితే వెలుతురు ఉండగానే ఇల్లు చేరవచ్చు. చక్రాల నట్లను 50 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ బిగించాలి కనుక టార్క్ రెంచి కారులోనే ఉంది.

మొదటి ప్రయాణం అంతర్వేదికి. ఆ తరువాత నరసాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు (వాహనాలను ఏరు దాటించే పడవ) ఎక్కుదామని బావమరిది అంటున్నాడు. నిన్న సాయంత్రం, పోటు తగ్గి పాటు ఉన్న సమయంలో వెళ్ళి చూశాను. నీరు తగ్గినప్పుడు రేవు వాలు బాగా నిటారుగా ఉంది. ట్రైలర్ తోక నేలకు తగులుతుంది. పోటు నిండుగా ఉన్నప్పుడైనా నేను సాహసించను, చించినాడ వంతెన మీదుగానే వెళతాము.

చక్రాలకు అడ్డం పెట్టే నాలుగు తుమ్మ చెక్కలు వడ్రంగి ఈ ఉదయం ఇచ్చారు. అవి పలక మీద పెట్టి ఉన్నాయి.